క్లారినెట్ వాయిస్తూ యూరప్‌లో బతకొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. పదిహేనేళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం, పాస్‌పోర్టులు కూడా ఇక్కడివే. మా బాబుకి పదిహేడేళ్లు, లెక్కల్లో మంచి మార్కులు. ఏదో ఒక యాక్టివిటీ ఉంటే యూనివర్సిటీ అప్లికేషన్‌కి పనికొస్తుందని చిన్నప్పుడు క్లారినెట్ నేర్పించాం. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక పబ్‌లో డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లతో కలిసి పాతకాలపు జాజ్ వాయిస్తున్నాడు. కంప్యూటర్ సైన్స్ వద్దట. క్రిస్ బార్బర్‌లా, యాకర్ బిల్క్‌లా బతుకుతాడట. వాళ్లెవరో మాకు తెలియదు. ఇంగ్లండ్‌లోనే జాజ్ డిగ్రీ చేయించాలా, జర్మనీకో నెదర్లాండ్స్‌కో పంపాలా, కంప్యూటర్ సైన్స్ చేసి వీకెండ్‌లో వాయించుకోమనాలా? పోల్చి చెప్పండి. వాళ్ల నాన్న రెండు వారాలుగా వాడితో మాట్లాడటం లేదు. మా వాళ్లంతా పెళ్లి బ్యాండులో చేరతాడా అని నవ్వుతున్నారు.

జవాబు: అమ్మా, వాద్యం పేరూ ఊరి పేరూ మారిస్తే ఇలాంటి ఉత్తరం నాకు నెలకొకటి వస్తుంది. మొన్న డల్లాస్ నుంచి డ్రమ్స్, అంతకుముందు వరంగల్ నుంచి కీబోర్డు. అన్నిట్లోనూ అసలు ప్రశ్న చివరి వాక్యంలోనే ఉంటుంది. మీదీ అంతే. కొడుకు తిండికి ఇబ్బంది పడతాడేమోనన్న భయం కొంత ఉంది, కాదనను, కానీ అంతకంటే పెద్ద భయం మన వాళ్లకి ఏం చెప్పాలన్నది. దాని సంగతి తర్వాత చూద్దాం. గ్రేడ్ పరీక్షలూ ఆడిషన్లూ అప్లికేషన్ గడువుల గురించి నేనేం రాయను, అవి మీ వాడికి మనిద్దరికంటే బాగా తెలుసు.

ముందు వాడు చెప్పిన ఇద్దరూ ఎవరో తెలుసుకోండి. రెండు వారాలుగా ఇంట్లో గొడవ పడుతున్నారు, ఆ పేర్లు ఒక్కసారి ఫోన్‌లో వెతికే తీరిక మీ ఇద్దరిలో ఎవరికీ దొరకలేదా?

క్రిస్ బార్బర్ 1930లో పుట్టాడు, ట్రాంబోన్ వాయించేవాడు. మొదట చేరింది యాక్చురీ చదువులో, అంటే బీమా లెక్కల చదువు. లెక్కల్లో మార్కులొచ్చిన పిల్లవాణ్ని మనం పంపించే చోటే కదా. అది వదిలేసి లండన్‌లోని గిల్డ్‌హాల్‌లో సంగీతం చదివాడు, 1954 నుంచి తన పేరుతో బ్యాండు నడిపాడు, 2019లో రిటైరయ్యేదాకా నడుపుతూనే ఉన్నాడు. తొంభై ఏళ్లు బతికి 2021లో పోయాడు. యాకర్ బిల్క్‌ది ఇంకో రకం కథ. సోమర్సెట్ పల్లెటూరి మనిషి. చిన్నప్పుడే ముందరి పళ్లు రెండు పోయాయి, ఒక వేలు సగం తెగింది, బ్రిస్టల్‌లో పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశాడు. సైన్యంలో చేరి ఈజిప్టులో ఉన్నప్పుడు క్లారినెట్ పట్టాడు, కాపలా డ్యూటీలో నిద్రపోయినందుకు శిక్ష పడితే ఆ నిర్బంధంలో కూర్చుని సాధన చేశాడు. పేరు రాకముందు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక బీరు బార్లో రోజుకి ఏడు గంటలు, వారానికి ఏడు రోజులు, ఆరు వారాల పాటు వాయించారు ఆయన బ్యాండు వాళ్లు. 1961లో 'స్ట్రేంజర్ ఆన్ ద షోర్' వచ్చింది, మరుసటి ఏడు అమెరికా చార్టులో నంబర్ వన్ అయింది. మీవాడు చెప్పేటప్పుడు ఆ నంబర్ వన్ గురించే చెబుతాడు. మీరు ఆ బీరు బారు గురించి అడగండి.

ఈ సంగీతం అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నల్లజాతి వాళ్లది, యూరప్‌ది కాదు. అక్కడి మహామహుల్లో ఒకడైన సిడ్నీ బెషే 1950 ప్రాంతంలో ఫ్రాన్స్ వచ్చి స్థిరపడ్డాడు, ప్యారిస్‌లో క్లాడ్ లూటర్ అనే కుర్రాడి బ్యాండుతో కలిసి వాయించాడు. పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకునే అదృష్టం ఫ్రెంచి వాళ్లకి దొరికింది. ఇంగ్లండ్ వాళ్లకి దొరకలేదు. సంగీతకారుల యూనియన్ గొడవల వల్ల 1935 నుంచి 1956 దాకా అమెరికన్ బ్యాండ్లని దాదాపు రానివ్వలేదు. అందుకని అక్కడి కుర్రాళ్లు పాత రికార్డులు అరిగేదాకా వేసుకుని విని నేర్చుకున్నారు. కెన్ కోల్యర్ అనే ట్రంపెట్ మనిషికి అది చాలలేదు. సరుకు ఓడలో నావికుడిగా చేరి, 1952లో అమెరికాలో ఓడ వదిలేసి న్యూ ఆర్లీన్స్ చేరాడు, అక్కడి ముసలి విద్వాంసులతో కలిసి వాయించాడు, వీసా గడువు దాటిందని ఐదు వారాలకు పైగా జైల్లో ఉండి, ఇంటికి తిరిగొచ్చాడు. (మీవాడు పబ్‌కేగా వెళ్తున్నాడు, కాస్త నెమ్మదించండి.)

ఆ తిరిగొచ్చిన కోల్యర్ బార్బర్‌తో కలిసి బ్యాండు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి విడిపోయారు. ఇద్దరూ గొప్ప వాయిద్యగాళ్లే. కోల్యర్‌కి న్యూ ఆర్లీన్స్ పద్ధతి ఇసుమంత కూడా మారకూడదు. బార్బర్‌కి బ్యాండు నడవాలి, నిలవాలి, రేపటికి ఇంకో ఊరు ఉండాలి. ఆ బ్యాండులోనే బాంజో వాయించే లానీ డానెగన్ విరామంలో గిటారుతో పాడిన పాటలు 'స్కిఫుల్' అనే పాటల పిచ్చి రేపాయి, లివర్‌పూల్‌లో తర్వాత బీటిల్స్ బ్యాండు పెట్టిన జాన్ లెనన్ లాంటి కుర్రాళ్లు చవక గిటార్లు కొన్నది ఆ ఊపులోనే. 1958లో అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ని ఇంగ్లండ్‌కి రప్పించినవాడూ బార్బరే. అంటే మీవాడు వాయించే ఆ 'ముసలి సంగీతం' లేకపోతే బీటిల్స్ లేరు, రోలింగ్ స్టోన్స్ లేరు అన్నా పెద్ద అబద్ధం కాదు. లివర్‌పూల్‌లో బీటిల్స్ వాయించిన కావర్న్ క్లబ్బు కూడా 1957లో తెరిచినప్పుడు జాజ్ క్లబ్బే, ప్యారిస్‌లోని కావో ద లా యుషెట్ అనే జాజ్ క్లబ్బు చూసి పెట్టింది. తర్వాత ఆ బీటిల్సే వచ్చి ఈ ట్రాడ్ బ్యాండ్ల (పాతకాలపు జాజ్‌ని ఇంగ్లండ్‌లో ట్రాడ్ అంటారు) గిరాకీని ఒకటి రెండేళ్లలో ఊడ్చేశారు. బార్బర్ మునిగిపోలేదు, జర్మనీ బాట పట్టాడు, ఏడాది పొడవునా ఊరూరా తిరిగాడు. ఇంకో సంగతి. ఆయన బ్యాండుకి పెద్ద పేరు తెచ్చిన 'పెతీత్ ఫ్లర్' రికార్డులో బార్బర్ అసలు వాయించనే లేదు, మాంటీ సన్‌షైన్ క్లారినెట్ సోలో అది. తన పేరున్న రికార్డులో తాను పక్కకి తప్పుకుని నిలబడగలిగినవాడే అన్నేళ్లు బ్యాండు నిలబెట్టగలిగాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ వృత్తిలో క్లారినెట్ సగం పనే. మిగతా సగం ఫోన్, డైరీ, వ్యాను, ఆరుగురు మొండివాళ్లని ఒక చోట కూర్చోబెట్టడం, రాత్రి పన్నెండింటికి డబ్బు పంచడం. మీవాడు మెసేజ్‌కి జవాబిస్తాడా? చెప్పిన టైముకి వెళ్తాడా? ఎవరైనా రాలేకపోతే వాళ్ల బదులు వాయించడానికి పిలిచేవాళ్లని అక్కడ డెప్ అంటారు. కొత్తవాడికి మొదటి పదేళ్ల బతుకు ఆ డెప్ పిలుపుల మీదే. వాటికి బాగా వాయించేవాడికంటే నమ్మకంగా వచ్చేవాణ్ని ముందు పిలుస్తారు.

ఇక జాజ్ డిగ్రీ. ఇప్పుడు ఫ్యాషన్ అయిన దారి ఇదే, నాకు అనుమానం ఉన్నదీ ఇక్కడే. కళాశాలలు చెడ్డవని కాదు. కానీ జాజ్ కోర్సుల్లో ఎక్కువ భాగం 1940ల్లో వచ్చిన బీబాప్ అనే శైలి, ఆ తర్వాతి కాలం సంగీతం చుట్టూ తిరుగుతుంది. మీవాడికి కావలసింది దానికి ముందుది. ట్రంపెట్ పాట నడుపుతుంటే, ట్రాంబోన్ కింద నుంచి పట్టుకుంటే, క్లారినెట్ ఆ రెంటి చుట్టూ అల్లుకుంటూ పోవడం, ముగ్గురూ ఒకేసారి, ఒకరి మీద ఒకరు పడకుండా. అది తరగతి గదిలో రాదు. పక్కన నిలబడితే వస్తుంది. ఆదివారం ఆ పబ్‌లో మీవాడు డబ్బు కట్టకుండా చదువుతున్న కోర్సు అదే. డిగ్రీ చేసి వచ్చిన పిల్లల్లో కొందరిని విన్నాను, వేళ్లు మెరుపులా కదులుతాయి, పాట మాత్రం వినబడదు. పైగా ఇప్పుడు ప్రతి ఒక్కడికీ ఒక రీల్స్ పేజీ, అందులో ముప్పై సెకన్ల సోలో. ముప్పై సెకన్లు వాయించేవాణ్ని మూడు గంటల డ్యాన్సుకి ఎవరు పిలుస్తారు? నాలుగేళ్ల తర్వాత వాళ్లకి వచ్చే పని ఏమిటంటే స్కూళ్లలో గంటల లెక్కన పాఠాలు చెప్పడం, అది గౌరవమైన పనే, కానీ దానికోసమే నాలుగేళ్లు అప్పు చేశామని ముందే తెలిసి ఉండాలి.

అలాగని కంప్యూటర్ సైన్స్‌ని నెత్తిన పెట్టుకోను. అందులో పడి ఉద్యోగం దొరక్క నాకు రాసే పిల్లలు ఈ ఏడాది క్లారినెట్ వాళ్లకంటే చాలా ఎక్కువ. 'సేఫ్' అన్న మాట ఇప్పుడు ఏ డిగ్రీ పక్కనా ధైర్యంగా రాయలేకపోతున్నాను.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి కొంచెం. ఇంగ్లండ్‌లో ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు ఉండేది, అప్పు సర్కారుది, ఇప్పటి లెక్క ప్రకారం ఏడాది ఆదాయం 25,000 దాటితేనే, ఆ పైన ఉన్నదాని మీద 9 శాతం తిరిగి కట్టాలి. కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ వదిలేయండి. జర్మనీలో సర్కారు సంగీత కళాశాలల్లో చాలా చోట్ల ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ యూనియన్ బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. జర్మన్ భాష రావాలి. నెదర్లాండ్స్‌లో బ్రెగ్జిట్ తర్వాత మీవాడు పరాయివాడే, ఫీజు ఆ లెక్కన పడుతుంది. చదువుకంటే తర్వాతి బతుకులో తేడా ఎక్కువ. ఫ్రాన్స్‌లో పన్నెండు నెలల్లో 507 గంటల పని చూపిస్తే కచేరీలు లేని రోజులకి భృతి వస్తుంది, జర్మనీలో కళాకారుల బీమాలో సగమే తాను కట్టుకుంటే చాలు. ఇంగ్లండ్‌లో అలాంటివేం లేవు, ఎవరి తిప్పలు వాళ్లవి. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు, పైగా వాయించి డబ్బు తీసుకోవడానికి ఒక్కో దేశానిది ఒక్కో రూలు. బార్బర్‌లా జర్మనీ అంతా తిరుగుతానంటే ఇప్పుడు అంత తేలిక కాదని మీవాడికి చెప్పండి. ఇంతకుమించి పట్టిక వెయ్యను, ఎందుకంటే మీ ఇంట్లో సమస్య దేశం ఎంచుకోవడం కాదు.

మూడో దారి ఒకటుంది, దాన్ని మనం ఓటమిలా చూస్తాం. హంగరీలో బెంకో డిక్సీల్యాండ్ బ్యాండు నడిపిన సాండోర్ బెంకో క్లారినెట్ మనిషి, బుడాపెస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాడు. డచ్ స్వింగ్ కాలేజ్ బ్యాండు 1945 మే 5న, సరిగ్గా దేశానికి విముక్తి వచ్చిన రోజున మొదలైంది. దాన్ని నడిపిన పీటర్ స్కిల్పరోర్ట్ మధ్యలో 1955లో ఇంజినీరు ఉద్యోగానికి వెళ్లి, కొన్నేళ్లకు తిరిగి వచ్చాడు, బ్యాండు అప్పుడే పూర్తి వృత్తిగా మారింది. వీళ్లు వీకెండ్ కాలక్షేపం వాళ్లు కాదు. అందుకే మీరు రాసిన 'వీకెండ్‌లో వాయించుకో' అన్న మాట నాకు నచ్చలేదు. అది కుక్కకి బిస్కెట్ వేసినట్టుంది. ఏదో ఒక డిగ్రీ, లెక్కలైనా సరే, బ్యాండ్లు ఎక్కువగా ఉండే ఊళ్లో చదవమనండి, లండన్ అయినా, బ్రిస్టల్ అయినా. సాయంత్రాలు వాడివి. శాక్సొఫోన్ కూడా నేర్చుకోమనండి, వీలైతే ఫ్లూట్, మూడూ వాయించేవాళ్లకి నాటకశాలల్లో పని దొరుకుతుంది. నోట్స్ చూసి తడుముకోకుండా చదవడం రావాలి. లిండీ హాప్ డ్యాన్సు వాళ్లతో పరిచయం పెంచుకోవాలి, ఈ సంగీతానికి ముప్పై ఏళ్లలోపు శ్రోతలు ఇప్పుడు అక్కడే ఉన్నారు, స్వీడన్‌లోని హెరాంగ్‌లో ఏటా వారాల తరబడి వాళ్ల డ్యాన్సు క్యాంపు జరుగుతుంది. రెండేళ్లు అలా గడిచాక చదువు మానేసి బ్యాండులోకి వెళ్తానంటే అప్పుడు వినండి, అప్పటికి వాడి డైరీలో ఎన్ని పిలుపులున్నాయో కనబడుతుంది కాబట్టి మీకూ వాడికీ వాదించుకోవాల్సిన అవసరం అంతగా ఉండదు.

ఇప్పుడు ఆ చివరి వాక్యం. క్లారినెట్ మీరే కొన్నారు, అప్లికేషన్‌లో బావుంటుందని. ఉగాది ఫంక్షన్‌లో వాడు వాయిస్తే వీడియో తీసి అందరికీ పంపింది కూడా మీరే అయ్యుంటారు. వాడు దాన్ని నిజంగా ప్రేమించేసరికి తప్పయిందా? పెళ్లి బ్యాండు అని నవ్వేవాళ్లకి చెప్పండి, మన ఊళ్లలో క్లారినెట్‌ని ఇంటింటికీ తెచ్చింది ఆ బ్యాండు మేళం వాళ్లే, న్యూ ఆర్లీన్స్‌లో కూడా ఈ సంగీతం సగం వీధి ఊరేగింపుల్లోనూ శవయాత్రల్లోనూ పెరిగిందే. చెప్పలేకపోతే ఊరుకోండి, వాళ్లేం మీ వాడి ఫీజు కట్టరు. మీ ఆయనతో మాత్రం గట్టిగా మాట్లాడండి. పదిహేడేళ్ల పిల్లవాడితో రెండు వారాలు మాట్లాడకపోవడం క్రమశిక్షణ కాదు, అలక.

పిల్లవాడు పాడైపోతాడని మాత్రం భయపడకండి. రెండేళ్ల కింద మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఇలాంటి పబ్‌లోనే ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. వాయించేవాళ్లలో ఒకాయన రిటైరైన కెమిస్ట్రీ టీచరు, ఒకాయన ప్లంబరు. తప్పు వాయిస్తే ముఖం తిప్పుకోరు, నవ్వి ఇంకోసారి మొదలుపెడతారు. పదిహేడేళ్లవాడు ఆదివారం మధ్యాహ్నం గడపడానికి అంతకంటే మంచి మనుషులు దొరుకుతారా అనిపించింది.

వచ్చే ఆదివారం ఇద్దరూ వెళ్లండి. చివరి పాట దాకా కూర్చోండి, అయ్యాక డబ్బు ఎలా పంచుకుంటారో, సామాన్లు ఎవరు మోస్తారో, మీవాడు అందులో చెయ్యి వేస్తాడో లేక ఫోన్ చూసుకుంటూ నిలబడతాడో గమనించండి. తర్వాత నాకు రాయండి. ఈసారి మాత్రం వాడి చేత రాయించండి, మీ ఉత్తరంలో మీ ప్రశ్నలు, మీ ఆయన ప్రశ్న, మీ వాళ్ల ప్రశ్న ఉన్నాయి, వాడిది ఒక్కటీ లేదు.