ఏపీ కోర్సులో బీ వస్తే భవిష్యత్తు పోయినట్టేనా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి పదో తరగతి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) వరల్డ్ హిస్టరీలో బీ గ్రేడు వచ్చిందని మావారు తనతో సరిగా మాట్లాడటం లేదు. పదకొండులో ఆరు ఏపీలు తీసుకోవాల్సిందేనని ఆయన పట్టు. తను మూడు చాలంటోంది. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను. మామూలు కోర్సులో 'ఏ' మేలా, ఏపీలో 'బీ' మేలా?

జవాబు: మీవారు బహుశా ఎంసెట్ ర్యాంకు చూసి పిల్లల భవిష్యత్తు తేల్చిన రోజుల్లో చదువుకుని ఉంటారు. అక్కడ అంకె ఒక్కటే మాట్లాడేది. అమెరికాలో పోటీ ఎక్కువగా ఉండే కాలేజీలు దరఖాస్తు చదివే తీరు వేరు. ట్రాన్‌స్క్రిప్టుతో (గ్రేడ్ల పట్టికతో) పాటు స్కూల్ ప్రొఫైల్ కూడా వెళుతుంది. ఆ స్కూల్లో ఏయే ఏపీలు ఉన్నాయి, గ్రేడ్లు ఎలా లెక్కిస్తారు అన్నవి అందులో ఉంటాయి. తోటి పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి ఎంచుకున్న కోర్సులు ఎంత కఠినమైనవో స్కూలు కౌన్సెలర్ తన నివేదికలో విడిగా చెబుతారు. అంటే పోలిక మీ అమ్మాయి స్కూల్లోని పిల్లలతోనే. వేరే ఊళ్లో ఎనిమిది ఏపీలు చేసిన బంధువుల అబ్బాయితో కాదు.

జీపీఏని, అంటే గ్రేడ్ల సగటును, తమ పద్ధతిలో మళ్లీ లెక్కగట్టే కాలేజీలూ ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తొమ్మిదో తరగతి గ్రేడ్లను ఆ లెక్కలో కలపదు. ఏపీలకిచ్చే అదనపు పాయింటును కూడా 8 సెమిస్టర్లకు పరిమితం చేస్తుంది. ఏడాదంతా సాగే ఏపీలు నాలుగు దాటాక ఆ లెక్కలో కొత్తగా చేరేదేమీ ఉండదు.

అలాగని ఆయన బెంగను కొట్టిపారేయను. మీరున్నది టెక్సాస్‌లో. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ 2026 ప్రవేశాల నుంచి క్లాసులో మొదటి 5 శాతంలో ఉన్నవారికే నేరుగా సీటిస్తోంది, అంతకుముందు అది 6 శాతం. అక్కడ ర్యాంకుకు నిజంగానే విలువ ఉంది. కానీ ఆ ర్యాంకు యూనివర్సిటీలో చోటిస్తుందే తప్ప కోరుకున్న బ్రాంచికి హామీ ఇవ్వదు. కంప్యూటర్ సైన్స్ లాంటి వాటికి దరఖాస్తు మొత్తం చూసే నిర్ణయిస్తారు.

ఇక మీ ప్రశ్న. కష్టమైన కోర్సులో ఒక బీ వస్తే ఏ తలుపూ మూసుకుపోదు, నా దృష్టిలో తేలిక కోర్సులోని 'ఏ' కన్నా అదే నయం. అయితే గ్రేడ్లన్నీ బీలకు, సీలకు జారేంత భారం ఎత్తుకోవడం మాత్రం నష్టమే. దరఖాస్తు పెట్టేనాటికి పూర్తి గ్రేడ్లతో కనిపించే చివరి ఏడాది పదకొండో తరగతే కదా! తను అడిగిన మూడూ సరైనవైతే, అంటే ఇంజనీరింగ్ ఆలోచన ఉంటే వాటిలో కాలిక్యులస్, ఫిజిక్స్ ఉంటే, ఆ కోరికలో తప్పేమీ లేదు. నాలుగోది కావాలో వద్దో కౌన్సెలర్‌ను అడగండి.

కోర్సుల ఫారం ముందు పెట్టుకుని, ఒక్కో ఏపీకి రోజూ ఎంతసేపు హోంవర్కు ఉంటుందో సీనియర్లను అడిగి పక్కన రాయమని అమ్మాయికి చెప్పండి. ఆరింటికీ కలిపి కూడి, నిద్రకు ఎన్ని గంటలు మిగులుతాయో మీవారినే లెక్కగట్టమనండి.

నాకు బీ కన్నా ఆయన మౌనమే ఎక్కువ దిగులు కలిగించింది. పదిహేనేళ్ల పిల్ల దాన్ని 'గ్రేడు తగ్గితే నాన్నకు నేను అక్కర్లేదు' అని అర్థం చేసుకుంటుంది. ఫారం సంగతి రెండు రోజులు ఆగినా పరవాలేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర చదువు ఊసు లేకుండా ఆయన తనతో మాట కలపాలి. ఈ ఉత్తరం ఆయన చేత చదివించండి.