దంపుళ్ల పాటలూ, సిద్ధాంత గ్రంథమూ

చిరంజీవికి ఆశీస్సులు.

వడ్లు దంచుతూ పాడే దంపుళ్ల పాటల మీద నీ సిద్ధాంత గ్రంథంలోని మొదటి అధ్యాయం, అదే విషయం మీద ఆదివారం అనుబంధానికి రాసిన వ్యాసం, రెండూ చదివానమ్మా. వ్యాసంలో రోకలి పోటు వినిపించింది. అధ్యాయంలో నీ గొంతే వినపడలేదు. "సేకరించబడినవి", "వ్యక్తపరచబడినది", "తెలియుచున్నది" అంటూ పోయావు.

పరిశోధన అనగానే భాష బిగుసుకోవాలని చాలామంది అనుకుంటారు. బిగువు ఉండాల్సింది వాదనలో. గిడుగు రామమూర్తి పంతులుగారిని చూడు. వాడుక భాష కోసం 1919లో 'తెలుగు' పత్రికే నడిపారు. అభిమానం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. అందుకే పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు, కవుల ప్రయోగాలు వెతికి తీసి పండితుల ముందు పెట్టారు. 1914లో వాడుక భాష పక్షాన గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఆధారాల మీద నడిచిన వాదనే. జనం భాషను సమర్థించడానికి వాళ్లు పట్టిన దారి అంత కఠినమైనది. నీకు కావలసిందీ అదే: మాట మామూలుది, రుజువు గట్టిది.

"ఈ పాటల ద్వారా ఆనాటి స్త్రీల యొక్క దయనీయ స్థితి వ్యక్తపరచబడినది" అని రాశావు. ఆనాడు అంటే ఎప్పుడు? ఏ స్త్రీలు? ఎన్ని పాటల్లో? నువ్వు రికార్డు చేసినవాటిలో అత్త ఆరళ్లు ఎన్నింట్లో వచ్చాయో, సరదా పాటలు ఎన్నో లెక్క నీ దగ్గరే ఉంది. అది రాయి. అప్పుడు "దయనీయ" అన్న మాట నిలుస్తుందో లేదో నీకే తెలుస్తుంది. వ్యాసంలో ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. అక్కడ పాఠకుడు నిన్ను నమ్మి వెంట వస్తాడు. సిద్ధాంత గ్రంథం చదివేవాడు నమ్మకూడదు, సరిచూసుకోవాలి. రెండు రచనలకూ అసలు తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మరో సంగతి. వ్యాసంలో "మన పల్లెలు", "మన పాటలు" అంటే చదివేవాళ్లని దగ్గరికి తీసుకున్నట్టు ఉంటుంది. అధ్యాయంలో ఆ 'మన' ఎవరు? పాడినవాళ్ల ఊరు, కులం, వయసు అన్నీ ఆ ఒక్క మాటలో మాయమైపోతాయి. అలాగే "పూర్వం ఇంటింటా పాడేవారట" అన్నావు. ఆ మాట నీకు ఎవరు చెప్పారో రాయి. చెప్పినామె పేరు బయటపెట్టడం ఇష్టం లేదంటే, వయసూ ఊరూ చెప్పినా చాలు.

పాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే "సువ్వి సువ్వి" అన్నదాన్ని ఒకచోట పల్లవి అన్నావు, ఒకచోట ఊతపదం అన్నావు, ఇంకోచోట ఆవృత్తి. వ్యాసంలో మాట మారిస్తే అందం. అధ్యాయంలో మారిస్తే మూడు వేర్వేరు వస్తువుల గురించి చెబుతున్నావనుకుంటారు. ఒకటి ఎంచుకో, మొదట్లోనే నిర్వచించు, చివరిదాకా దాన్నే వాడు.

"ఈ పరిశోధకురాలు" బదులు 'నేను' అను. మీ గైడుగారు ఒప్పుకోకపోతే ఆయన మాటే విను, దాని కోసం గొడవ వద్దు.

వ్యాసాన్ని మాత్రం ముట్టుకోకు. ఫుట్‌నోట్లు తగిలించకు. మీ అమ్మమ్మ రోకలి ఎత్తినప్పుడు పాట ఆగి, దించగానే అందుకునేదని రాశావే, అది నీ పరిశోధనలోకెల్లా మంచి పరిశీలన. దాన్ని అధ్యాయంలోకి తీసుకురా. పాదంలో పోటు ఎక్కడ పడుతోందో, ఊపిరి ఎక్కడ తీస్తున్నారో నీ రికార్డింగుల్లో విని గుర్తులు పెట్టు. బియ్యం మిల్లులు వచ్చాక దంపకుండానే పాడుతున్నవాళ్ల దగ్గర ఆ విరుపు ఉందో లేదో కూడా చూడు. ఇది ఎవరైనా చేశారేమో ముందు వెతుకు. చేయకపోతే నీ గ్రంథానికి ఈ ఒక్క అధ్యాయం చాలు.

తిరగరాసి పంపేటప్పుడు ఏ పాట ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర విన్నావో ఆ పట్టిక కూడా జతచెయ్యి. ముందు అదే చదువుతాను.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు