ఆ ‘ఏ’ ఎక్కడ పెట్టాలి?

చెన్నై, టి. నగర్

చిరంజీవికి ఆశీస్సులు.

బెంగళూరు నీళ్ళ కరువు మీద నీ వ్యాసమూ, దాని ఇంగ్లీషు అనువాదమూ అందాయి. ఇంగ్లీషులో దిద్దాల్సింది కొంచెమే. ‘ఎంఫసైజ్’ పక్కన ప్రతిచోటా ‘ఆన్’ తగిలించావు. ఆ క్రియకి అది అక్కర్లేదు. ‘ఎంఫసైజ్ ద పాయింట్’, అంతే. ‘ఎంఫసిస్’ అనే నామవాచకానికి మాత్రం ఆన్ కావాలి. దాన్ని తెచ్చి క్రియకి అంటించేస్తాం మనం.

నా బాధంతా తెలుగు వ్యాసం గురించి. మూడు పేజీల్లో తొమ్మిదిసార్లు ‘నొక్కి చెప్పారు’! అందరూ అన్నీ నొక్కే చెబితే ఏ మాట గట్టిదో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుందమ్మా? చాలాచోట్ల ‘అన్నారు’ సరిపోతుంది. ఎంఫసిస్‌కి మూలమైన గ్రీకు క్రియకి కనబరచడం అని అర్థం. నాకు ఆ అర్థం చాలా ఇష్టం.

కనబరచడానికి మనకి ఒక్క ‘ఏ’ ఉంది. ‘అమ్మ నిన్న మైలాపూరు వెళ్ళింది’ తీసుకో. ‘అమ్మే వెళ్ళింది’ అంటే ఇంకెవరూ వెళ్ళలేదని. ‘నిన్ననే వెళ్ళింది’ అంటే నువ్వు అడగడం ఆలస్యమైందని. ‘మైలాపూరే వెళ్ళింది’ అంటే ఎవరో తాంబరం అని ఉంటారు. మా వీధిలో పూలమ్మే ఆవిడ తమిళంలో ‘నేత్తే’ అంటుంది, మనం ‘నిన్ననే’ అంటాం. ఆ ‘ఏ’ని వదులుకోలేకే మన దక్షిణాదివాళ్ళం ఇంగ్లీషులోనూ ‘యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’ అంటాం. ఇంగ్లీషువాళ్ళు ఆ పని గొంతుతో చేస్తారు, అచ్చులో అక్షరాలు వాల్చి చూపిస్తారు. నువ్వు తెలుగు అక్షరాల్ని కూడా వాల్చావు. తీసెయ్, మన గుండ్రటి అక్షరాలకి అది నప్పదు.

ఇంకా బలం కావాలంటే పట్టపగలు, మొట్టమొదట, చిట్టచివర ఉన్నాయి. ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు చెప్పిన పరవస్తు చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇలాంటివాటికి సూత్రమే రాశాడు. వీటిని ఉప్పులా వాడు.

రెండో పేజీలో ముసలామె మాట ఉంది చూడు: ‘ట్యాంకరు మా వీధికే రాలేదు.’ ఊరంతా తిరిగిన బండి తమ దగ్గర ఆగలేదన్న కడుపుమంట ఆ ‘కే’లో ఉంది. దాని వెనక నువ్వు పెట్టిన ‘అని ఆమె నొక్కి చెప్పారు’ కొట్టేశాను. మిగతా ఎనిమిదీ నువ్వే చూసి, ఆదివారం లోపు పంపు.

నీ బాబాయ్