కొన్న మూడో రోజుకే కుక్కపిల్ల పడకేసింది

ప్రశ్న: భీమవరంలో కొన్న లాబ్రడార్ పిల్లకు మూడో రోజు నుంచి వాంతులు, నెత్తుటి విరేచనాలు. అమ్మినాయన టీకా వేశామంటున్నాడు. డాక్టరుగారు ఏం చేయగలరు?
– ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ముందు పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లండమ్మా. పార్వో (కుక్కపిల్లలకు సోకే ప్రాణాంతక వైరస్ జబ్బు) అయితే సెలైన్ ఆలస్యమైనకొద్దీ ప్రాణానికే ముప్పు. విరేచనంతో చేసే కిట్ పరీక్షలో నిమిషాల్లో తేలుతుంది. లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3–7 రోజులు పడుతుంది కాబట్టి, జబ్బు అమ్మినచోటే అంటి ఉండొచ్చు. ఆ మాట డాక్టరుగారి చేత రాయించుకోండి.

టీకా పుస్తకంలో సీసా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం ఉన్నాయా? లేకుంటే టీకా వేశామన్న మాట నమ్మలేం. సంతకం పెట్టిన ఖాళీ పుస్తకాలు అమ్మకందార్లకిచ్చే వైద్యుడూ ఈ పాపంలో భాగస్తుడే. పాలపళ్లు చూసి మీ డాక్టరుగారు పిల్ల వయసూ అంచనా కడతారు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నిండలేదని తేలితే, ఆ కాగితాలతో రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుకు ఫిర్యాదు చేయండి.