పాత రేడియో ట్రాన్స్‌ఫార్మర్‌తో గిటార్ ఆంప్లిఫయర్

ప్రశ్న: పాడైన వాల్వు (గాజు గొట్టాల) రేడియోలోంచి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ విప్పాను. దాని మీద రేటింగు లేదు. ఒక ఈసీసీ83 (సిగ్నల్‌ను పెంచే వాల్వు), రెండు ఈఎల్‌84 (స్పీకరును నడిపే వాల్వు)లతో గిటార్ ఆంప్లిఫయర్ కట్టడానికి పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీటరు పెడితే వోల్టేజీ తెలుస్తుంది కానీ, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత కరెంటు భరిస్తుందో తెలియదు. దానికి ఆధారం ఆ రేడియోలోని వాల్వులే. చాసిస్‌ను (లోపలి లోహపు చట్రాన్ని) పాత సామాన్లకు వేసేయకముందే వాటి నంబర్లు రాసుకోండి. ఈసీహెచ్‌81, ఈబీఎఫ్‌89, ఈఏబీసీ80, ఈఎల్‌84, ఈజెడ్‌80 (ఏసీని డీసీగా మార్చే వాల్వు) ఉన్న సెట్ అనుకుందాం. హీటర్లకు (వాల్వులను లోపల వేడిచేసే తీగలకు) వరసగా 0.3, 0.3, 0.45, 0.76, 0.6 చొప్పున మొత్తం 2.4 ఆంపియర్లు. హెచ్‌టీ (వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజీ) వైపు సుమారు 70 మిల్లీఆంపియర్లు. ఒకే ఈఎల్‌84తో కడితే ఈసీసీ83, ఈజెడ్‌80లతో కలిపి హీటర్లకు 1.66 ఆంపియర్లు, హెచ్‌టీకి 56 మిల్లీఆంపియర్లు చాలు. రెండు ఈఎల్‌84లు పుష్‌పుల్‌లో (వంతులవారీగా పనిచేసే పద్ధతిలో) గట్టిగా వాయించినప్పుడు 90 మిల్లీఆంపియర్ల దాకా లాగుతాయి. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ అంత తట్టుకోదు, ఒక్కదానితో సరిపెట్టుకోండి. ఇంట్లో వాయించడానికి 5 వాట్లు తక్కువేం కాదు.

కరెంటు ఇవ్వకముందు ఓమ్స్ చూడండి. ప్రైమరీ (ఇంటి కరెంటు ఇచ్చే వైండింగు) కొన్ని పదులు, హెచ్‌టీ కొన్ని వందలు, హీటరు వైండింగు 1 ఓమ్ లోపు ఉంటాయి. తర్వాత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ప్రతి వైండింగుకూ కోర్‌కూ మధ్య, ప్రైమరీకీ మిగతావాటికీ మధ్య కొలవండి. 10 మెగోమ్‌ల కంటే తక్కువ వస్తే వాడొద్దు, ప్రాణం మీదికి వచ్చే విషయం. అంతా బాగుంటే సెకండరీ కొసలు విడివిడిగా టేపు చుట్టి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ప్రైమరీకి సప్లై ఇవ్వండి. బల్బు వెలుగుతూనే ఉంటే లోపల చుట్లు షార్టయినట్టే. ఇంట్లో 240 వోల్టులు వస్తుంటే, ప్రైమరీకి 240 ట్యాప్ (ఆ వోల్టేజీకి వేరుగా తీసిన కొస) ఉంటే దానికే కలపండి. 220 ట్యాప్‌కు కలిపితే హీటర్లకు వోల్టేజీ ఎక్కువై వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది.

ఆంప్లిఫయర్ పూర్తయ్యాక అసలు పరీక్ష. చల్లగా ఉన్నప్పుడు ప్రైమరీ ఓమ్స్ రాసుకోండి. గంటసేపు నడిపి, ప్లగ్గు పీకి, వెంటనే మళ్లీ కొలవండి. 40 కాస్తా 48 అయితే రాగి సుమారు 50 డిగ్రీలు వేడెక్కిందన్నమాట. అంతకు మించితే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను నమ్మొద్దు. ప్రైమరీలో 500 మిల్లీఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు, చాసిస్‌కు ఎర్త్ తప్పనిసరి. కెపాసిటర్ల మీద 220 కిలో ఓమ్‌ల 2 వాట్ల బ్లీడర్ (మిగిలిన చార్జిని ఖాళీ చేసే రెసిస్టర్) పెట్టండి. అది ఉన్నా సరే, చెయ్యి పెట్టేముందు మీటరుతో చూసుకోండి.

ప్రశ్న: ఈజెడ్‌80 దొరకలేదు. డయోడ్లు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు, కానీ వోల్టేజీ పెరుగుతుంది. 250–0–250 వైండింగు మీద లోడ్ లేనప్పుడు డయోడ్లతో 353 వోల్టులు వస్తాయి. ఈఎల్‌84 లోపలి ప్లేటుకైనా స్క్రీన్‌కైనా (రెండూ ఎలక్ట్రోడ్లే) హద్దు 300 వోల్టులు. ఒక్కో వైపు రెండేసి 1ఎన్‌4007లు సీరీస్‌లో వేసి, మొదటి కెపాసిటర్ తర్వాత 1 కిలో ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టండి. 55 మిల్లీఆంపియర్ల దగ్గర 55 వోల్టులు తగ్గుతాయి. వాల్వులు వేడెక్కేదాకా కరెంటు లాగవు కాబట్టి కెపాసిటర్లు రెండూ 450 వోల్టులవే వాడండి. ఎప్పుడైనా ఈజెడ్‌80 దొరికి మార్చుకుంటే, మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్లు దాటకూడదు.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ పనికొస్తుందా?

జవాబు: వద్దు. దాని సెకండరీ 2,000 వోల్టుల దాకా ఇస్తుంది, ఒక కొస నేరుగా కోర్‌కే కలిపి ఉంటుంది. ఆ షాక్ కొడితే మనిషి బతకడం కష్టం.