మూత జోలికి వెళ్లకమ్మా: ఒక్క పెనం మీద చికెన్ ఫహీటాలు

బుజ్జీ,

నువ్వు చేసిన చికెన్ ఫహీటాల ఫోటో చూశాను, అదే, కోడి పీలికల్ని ఉల్లిపాయ క్యాప్సికంతో పెద్ద సెగ మీద వేయించి రొట్టెలో చుట్టుకునేది. ముక్కలు తెల్లగా ఉన్నాయి, క్యాప్సికం మెత్తబడిపోయింది, అడుగున ఎర్రటి నీళ్లు నిలబడ్డాయి. మసాలా ఏం తక్కువైంది మావయ్యా అన్నావు. మసాలా ఏం తక్కువ కాలేదమ్మా, అది బానే ఉంది, తక్కువైంది సెగ. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని టైప్ చేస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఇది ఒక్కసారి చేతికి పట్టుబడిందంటే ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చి ఏడున్నరకల్లా అల్లుడుగారికీ పిల్లలకీ పెట్టేసి నువ్వు కూడా కూర్చుని వేడివేడిగా తినొచ్చు, అందరికీ వడ్డించాక చల్లారింది తినే బాధ ఉండదు.

మన గోదారోళ్లం కోడిని ఎలా వండుతాం? ఉల్లిపాయ వేయించి, కోడి వేసి, ఉప్పు పసుపు జల్లి మూత పెట్టేస్తాం, దాని నీళ్లలో అది మగ్గుద్ది, తర్వాత కాసిని నీళ్లు పోసి ఇగరబెడతాం. మీ అమ్మమ్మ దగ్గర నుంచి మన చేతులకి వచ్చిన అలవాటు అది. కూరకి అదే కరెక్టు, ఫహీటాకి అదే అడ్డం. ఇందులో మూత లేదు, నీళ్లు లేవు, సిమ్ లేదు. కోడి మాంసంలో ఇంచుమించు నాలుగింట మూడొంతులు నీళ్లే ఉంటాయి, అరకేజీ ముక్కలు ఒకేసారి పెనంలో గుమ్మరిస్తే పెనం చల్లబడిపోద్ది, ఊరిన నీళ్లు ఊరినట్టే నిలబడిపోతాయి, నీళ్లున్నంతసేపూ అక్కడ వేడి వంద డిగ్రీలు దాటదు. ముక్క ఎర్రగా కాలి ఆ వాసన రావాలంటే నూట నలభై, నూట యాభై డిగ్రీలు కావాలి. అంటే నువ్వు వేయించలేదు తల్లీ, ఉడకబెట్టావు. మొత్తం సంగతి ఇక్కడే ఉంది.

అసలు ఈ వంటకం పుట్టిందే మంట మీద. అమెరికాలోని టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు వైపు పశువుల్ని కాసే పనోళ్లకి జీతంతో పాటు ఎవరికీ పెద్దగా అక్కర్లేని గొడ్డుమాంసం ముక్కలు ఇచ్చేవాళ్లంట, వాళ్లు వాటిని నిప్పుల మీద కాల్చి, పీలికలుగా కోసి, రొట్టెలో చుట్టుకుని తినేవాళ్లు. 1969లో కైల్ అనే ఊళ్లో ఉత్సవానికి సోనీ ఫాల్కన్ అనే ఆయన స్టాల్ పెట్టి అమ్మాడు, 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో అనే ఆవిడ హోటల్ తెరిచి దీన్ని ఊరంతటికీ అలవాటు చేసింది. కోడితో చెయ్యడం ఆ తర్వాత వచ్చింది. మన రాజోలు వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు కదా, నేనక్కడ హోటల్ కిచెన్‌లో గ్రిల్ దగ్గర నిలబడినన్నాళ్లూ మా పెద్ద చెఫ్ మసాలా గురించి పెద్దగా మాట్లాడేవాడే కాదు, పెనం కాలిందా లేదా, ముక్క తడిగా ఉందా పొడిగా ఉందా, ఎప్పుడూ ఇదే గోల. ఇప్పుడు నేనూ అదే చెప్తున్నా.

ముందు కోడి. నాటుకోడి వద్దమ్మా, సంక్రాంతికి పులుసు పెట్టుకోడానికి దాన్ని మించింది లేదు గానీ ఆ మాంసం గట్టిది, గంట ఉడికితేనే దారికొస్తది, ఇక్కడ దానికి ఐదు నిమిషాలే టైము. బ్రాయిలరే తీసుకో. కొట్టు అతన్ని లెగ్ బోన్‌లెస్ అడుగు, అందరూ బ్రెస్ట్ అంటారు గానీ బ్రెస్ట్‌లో కొవ్వు పెద్దగా ఉండదు, ఒక్క నిమిషం ఎక్కువైతే పీచులా అయిపోద్ది, లెగ్ అయితే కాస్త అటూ ఇటూ అయినా మెత్తగానే ఉంటది, పిల్లల హోంవర్క్ చూస్తూ వండే ఇంట్లో లెగ్గే మంచిది. నలుగురికి అరకేజీ చాలు. కర్రీ కట్ కొట్టించకు, పెద్ద ముక్కలుగానే తెచ్చుకుని ఇంట్లో నువ్వే కోసుకో. ఓ ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే కాస్త బిగుసుకుని కత్తికి చక్కగా తెగుతుంది. మాంసంలో నార ఎటు పోతోందో గీతల్లా కనపడుద్ది చూడు, దానికి అడ్డంగా కొయ్యి, చిటికెనవేలంత మందం. నార వెంబడి పొడుగ్గా కోశావంటే ఎంత బాగా వండినా పళ్లకి సాగుద్ది.

కడగడం గురించి. కడిగితే క్రిములు పోవు, వేడికే పోతాయి, పైగా కుళాయి కింద పెట్టి కడిగితే ఆ చుక్కలు సింకు చుట్టూ చింది పక్కనున్న గిన్నెల మీద పడతాయి. అయినా కడక్కుండా నీ మనసు ఒప్పదని నాకు తెలుసు, మీ అత్తదీ అదే పట్టుదల. కడిగితే గిన్నెలోనే మెల్లగా కడిగి, సింకు సబ్బుతో తోమేసెయ్. ఆ తర్వాత ఒకటి మాత్రం ఖచ్చితంగా చెయ్యి, పాత నూలుగుడ్డతో గానీ టిష్యూతో గానీ ఆ ముక్కల్ని నొక్కి నొక్కి తుడువు, చేత్తో పట్టుకుంటే జారకూడదు, అంటుకున్నట్టు ఉండాలి. వాడిన గుడ్డని వెంటనే వేడి నీళ్లలో పడెయ్. ఈ తుడవడం ఎవరూ చెయ్యరు, కానీ పెనంలో నీళ్లు ఊరడానికి సగం కారణం ఇలా తుడవకపోవడమే.

మసాలా చెప్తా. అరకేజీకి వేయించిన జీలకర్ర పొడి ఒక టీస్పూను, కాశ్మీరీ కారం ఒకటిన్నర, ఉప్పు ఒకటి, మిరియాల పొడి అర, వెల్లుల్లి ఐదారు రెబ్బలు దంచి, రెండు పెద్ద స్పూన్ల వేరుశనగ నూనె. అల్లం వద్దు, గరం మసాలా అస్సలు వద్దు, అది పడితే మళ్లీ మన కూర వాసనే వచ్చేస్తది. మామూలు పచ్చళ్ల కారం వాడితే ఆ సెగకి మాడి ఇంట్లో అందరికీ దగ్గు పట్టుకుంటది, అందుకే కాశ్మీరీ అన్నాను, దానికి రంగెక్కువ ఘాటు తక్కువ, నూనెలో కలిసి ముక్కకి పట్టుకుని ఉంటది కాబట్టి మాడడం కూడా తగ్గుద్ది. ఇక ఓరెగానో అడుగుతారు, అదే పిజ్జా మీద జల్లే ఎండు ఆకు. దానికోసం సూపర్‌మార్కెట్‌కి పరిగెత్తక్కర్లేదు, మన పెరట్లో వామాకు ఉంది చూడు, బజ్జీలు వేస్తామే, అది క్యూబా వైపు ఓరెగానోకి బదులు వాడతారు, రెండిట్లోనూ ఆ ఘాటు వాసనకి కారణం ఇంచుమించు ఒకే రకం నూనెలు. మూడు ఆకులు సన్నగా తరిగి కలుపు, అంతకంటే ఎక్కువైతే అదే పైకి తేలుద్ది. మీ అపార్ట్‌మెంట్‌లో లేకపోతే కడియం వైపు వెళ్లినప్పుడు నర్సరీలో ఒక మొక్క తెచ్చి కుండీలో గుచ్చు, చిన్న కొమ్మ చాలు, ఊరికే బతికేస్తది.

నిమ్మకాయ ఇప్పుడే పిండకు. ఇది ముఖ్యం. పులుపు తగిలి గంటలు గంటలు నానితే మాంసం పైన తెల్లబడి పిండిపిండిగా అయిపోద్ది. పొద్దున్నే క్యారేజీలు సర్దేటప్పుడు ఉప్పూ మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్లు, ఉప్పు సాయంత్రం దాకా లోపలికి దిగి ముక్కని మెత్తగా ఉంచుద్ది, దానివల్ల నష్టం లేదు. నిమ్మరసం చివర్లో. ఆదివారం కేజీ తెచ్చి మసాలా కలిపి రెండు కవర్లలో పల్చగా పరిచి ఒకటి ఫ్రీజర్‌లో పడేసినా మంచిదే, వండే ముందు రోజు రాత్రి కింద అరలోకి దింపితే సాయంత్రానికి విడుద్ది. ఎండాకాలం గట్టు మీద పెట్టి విడగొట్టకు, మన ఉక్కకి అది పాడైపోతది.

రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు క్యాప్సికంలు. రంగురంగులవి దొరికితే సరే, లేకపోతే పచ్చవి చాలు, ఆ ఎర్రదీ పసుపుదీ కోసం కేజీకి అంత డబ్బు పెట్టనక్కర్లేదు. ఉల్లిపాయ కూరకి తరిగినట్టు సన్నగా వద్దు, నిలువుగా లావుపాటి చీలికలు.

పెనం సంగతి. బూరెల మూకుడు వద్దు, దాని అడుగు గుంటగా ఉంటది, ముక్కలన్నీ మధ్యలోకి జారి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అట్లపెనం మీద చేస్తే రసం పొయ్యి మీదకి కారుద్ది. అడుగు చదునుగా, వెడల్పుగా ఉండి అంచులున్న పోత ఇనుము పెనం ఒకటి కొనుక్కో, బరువుంటది గానీ ఒకసారి వేడెక్కితే చల్లని ముక్క పడ్డా అంత తొందరగా దిగదు. నాన్‌స్టిక్ మాత్రం ఖాళీగా పొగలొచ్చేలా కాల్చకూడదు, పూత పాడవుద్ది, ఆ పొగ కూడా మంచిది కాదు. పెద్ద బర్నర్ మీద హైలో మూడు నాలుగు నిమిషాలు ఉట్టి పెనమే కాల్చు. చెయ్యి తడిపి చిలకరిస్తే చుక్కలు గుండ్రంగా ఉరకాలి. కిటికీ తీసి ఎగ్జాస్ట్ వేసుకో, పొగ వస్తది, రావాలి.

ఇప్పుడు ఒక స్పూను వేరుశనగ నూనె వేసి, సగం ముక్కలే వెయ్యి. సగమే. విడివిడిగా, ఒకటి ఇంకోదానికి తగలకుండా పరువు, మధ్యలో పెనం నల్లగా కనపడుతూ ఉండాలి. వేసిన వెంటనే సుయ్యిమని పెద్ద మోత వస్తది, ఆ మోత తగ్గి బుడబుడమని వినపడిందంటే నీళ్లు ఊరుతున్నట్టు, మంట చాల్లేదు లేదా ముక్కలెక్కువయ్యాయి. చెవి అటే పెట్టి ఉంచు. గరిటె పక్కన పెట్టేసెయ్. కలపకు. రెండు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్, మొదట పెనానికి అతుక్కున్నట్టే ఉంటది, కంగారుపడి గీకకు, కింద ఎర్రగా పొర కట్టాక దానంతట అదే వదులుద్ది. అప్పుడు తిప్పి ఇంకో రెండు నిమిషాలు. లావుపాటి ముక్క ఒకటి తుంచి చూడు, లోపల గులాబీ రంగు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లు 74 డిగ్రీల సెల్సియస్ చూసుకుంటారు. తీసి శుభ్రమైన పళ్లెంలో పెట్టు, పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలోకి మాత్రం తియ్యకు. మిగతా సగం కూడా అలాగే. రెండు వాయిలంటే టైము ఎక్కువని నువ్వు అనుకుంటావు, కాదమ్మా, ఒకేసారి వేసి ఆ నీళ్లు ఇగిరేదాకా నిలబడేకంటే ఇదే ముందు అయిపోద్ది.

అదే పెనంలో, కడగకుండా, ఉల్లిపాయ క్యాప్సికం వేసెయ్. ఉప్పు ఇప్పుడు వెయ్యకు, వేస్తే నీళ్లు వదులుతాయి. మంట హైలోనే ఉంచి మూడు నాలుగు నిమిషాలు, అంచులు అక్కడక్కడా నల్లబడాలి, కొరికితే కరకరమనాలి. అడుగున అతుక్కున్న మసాలా ఉంది చూడు, అదే దీని రుచంతా. మాంసం ఉన్న పళ్లెం తెచ్చి పెనంలోకి వంచి, ఊరిన రసం కూడా పోసి, స్టవ్ ఆపి, అప్పుడు ఒక నిండు నిమ్మకాయ పిండు. ఆ పులుపు తడికి అడుగంతా కరిగి ముక్కలకి పట్టుద్ది. చిటికెడు ఉప్పు, గుప్పెడు కొత్తిమీర, అంతే. హోటల్లో పొగలు కక్కే ఇనప పళ్లెంలో తెస్తారు, అది చూసేవాళ్ల కోసం, ఇంట్లో పెనాన్నే చెక్క మీద పెట్టి బల్ల మీదకి తీసుకెళ్లు. పిల్లల్ని మాత్రం దాని దగ్గరికి రానివ్వకు.

చుట్టుకోడానికి టోర్టిల్లా, అంటే మెక్సికో వాళ్ల పల్చటి రొట్టెల ప్యాకెట్లు దొరికితే సరే, లేకపోతే మన చపాతీలే. పొద్దున పిండి కలిపే ఓపిక లేని రోజు వచ్చే దారిలో కర్రీ పాయింట్‌లో చపాతీలు తెచ్చుకో, తప్పేం లేదు. పెనం వేడెక్కేలోగా పక్క పొయ్యి మీద ఒక్కో వైపు కాసేపు వేడి చేసి పొడి గుడ్డలో చుట్టి పెడితే మెత్తగా ఉంటాయి. పక్కన నంజుకోడానికి అవకాడో కోసం వెతకొద్దు. గేదె పెరుగు పల్చటి గుడ్డలో కట్టి పొద్దున ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీసి వెళ్తే సాయంత్రానికి వెన్నలా గట్టిపడుద్ది, అందులో ఉప్పు, కాస్త నిమ్మరసం, ఆ పుల్లటి చల్లదనం కారానికి భలే ఉంటది. రెండు టమాటాలు గింజలు తీసి సన్నగా తరిగి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపితే అదో పచ్చడి. చిన్నాడు అన్నమే కావాలంటే వేడన్నం మీద వేసి పెట్టు, వాడితో గొడవ పడకు.

మిగిలితే ఎక్కువసేపు బయట ఉంచకు, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. మర్నాడు నీ క్యారేజీకి చపాతీలో చుట్టుకుపోవచ్చు, ముందు పెనం మీద బాగా పొగలొచ్చేదాకా వేడి చెయ్యి.

ఇది బాగా చేతికొచ్చాక రొయ్యలతో చెయ్యి. భీమవరంలో ఉంటూ రొయ్యల కోసం వెతుక్కునే పనేముంది, ఒలిచి నరం తీసిన మీడియం సైజువి అరకేజీ, ఇదే మసాలా, కానీ నానబెట్టేది పదిహేను నిమిషాలే, తుడవడం మాత్రం ఇంకా గట్టిగా తుడవాలి. ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర. రొయ్య సగం వంకర తిరిగి ఎర్రబడగానే తీసెయ్, తలా తోకా కలిసేలా గుండ్రంగా ముడుచుకుపోయిందంటే రబ్బరైపోయినట్టే. వాయికి ఇంకా తక్కువ వెయ్యి, రొయ్యలో నీళ్లు ఎక్కువ.

అల్లుడుగారిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో
మీ మావయ్య