లినక్స్‌లో డ్రైవర్ లేని ప్రింటర్: పారేసే ముందు ఎర్రర్ లాగ్ చూడండి

ప్రింటర్ బాగానే ఉంది, కంపెనీ లినక్స్ డ్రైవర్‌ని పట్టించుకోవడం మానేసింది, కొత్తది కొనెయ్యాలా అని అడిగారు. కొనకండి. నాదీ అచ్చం ఇదే గొడవ, ఆ ప్రింటర్ ఇప్పటికీ నా బల్ల మీదే పనిచేస్తోంది.

నాది చౌకరకం లేజర్ ప్రింటర్. ఇలాంటి వాటికి సొంత బుర్ర ఉండదు. ప్రింటర్ల భాషలైన పోస్ట్‌స్క్రిప్ట్ రాదు, పీసీఎల్ రాదు, పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి ఆ కంపెనీకి మాత్రమే తెలిసిన పద్ధతిలో కట్టి పంపడం కంప్యూటర్ పని. కంపెనీ సైట్‌లో ఓ మూల పాత లినక్స్ ప్యాకేజీ ఒకటి దొరికితే వేశాను, మారు మాట్లాడకుండా ఇన్‌స్టాల్ అయింది, లినక్స్‌లో ప్రింటింగ్ పని చూసుకునే కప్స్‌లో ప్రింటర్ కనబడింది. ఇంకేం అనుకుని టెస్ట్ పేజీ నొక్కాను. 'ఫిల్టర్ ఫెయిల్డ్', అంటే పేజీని ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం బోల్తాపడింది. అంతే, ఇంకో ముక్క లేదు. తెల్లారేసరికి నాకు సంతకం పెట్టాల్సిన కాగితాలు కావాలి, అప్పటికే రాత్రి పదకొండు.

సాయం అడిగితే వచ్చే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: 'వేరే ప్రింటర్ తీసుకో'. ఆ సలహా ఇవ్వడానికి లినక్స్ తెలియక్కర్లేదు కదా!

సరే, కప్స్‌లో డీబగ్ లాగింగ్ ఆన్ చేసి ఎర్రర్ లాగ్ తెరిచాను. ఫిల్టర్ ఫైల్ పేరు చెప్పి, అలాంటి ఫైలే లేదంటోంది. కప్స్ ఫిల్టర్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే ఆ ఫైల్ అక్కడే ఉంది. టెర్మినల్‌లో నేరుగా నడిపినా అదే మాట, లేదు. కళ్లెదురుగా కనబడుతున్న ఫైల్‌ని పట్టుకుని లేదంటే మనిషికి పిచ్చెక్కదా? ప్యాకేజీ తీసేసి మళ్లీ వేశాను, కేబుల్ మార్చాను, విసుగొచ్చి ఆ ఫిల్టర్‌కి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు) కూడా ఇచ్చేశాను. రెండు గంటలు పోయాక ఎందుకో ఫైల్ ఏ రకమో చెప్పే 'ఫైల్' కమాండ్ కొట్టి చూస్తే అప్పుడు బయటపడింది, అది 32 బిట్ ప్రోగ్రాం. నాది 64 బిట్ సిస్టం. లేనిది ఆ ఫిల్టర్ కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించాల్సిన 32 బిట్ లోడర్. లేదని చెప్పింది సరే, ఏది లేదో చెప్పాలిగా!

నాది డెబియన్ బాపతు లినక్స్ కాబట్టి దాని ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీలో ఐ386 (32 బిట్ ఇంటెల్ తరహా) ఆర్కిటెక్చర్ చేర్చి, ఆ లోడర్ ఉండే లిబ్‌సీ, దాంతోపాటు లిబ్‌కప్స్, ఈ రెండు లైబ్రరీలకీ ఐ386 వెర్షన్లు వేశాను. మళ్లీ ఫెయిల్! ఈసారి లాగ్‌లో పర్మిషన్లు భద్రంగా లేవని ఉంది. ఎవరైనా మార్చగలిగే ఫిల్టర్‌ని కప్స్ నడపదు, అంటే నా 777 నాకే తగిలింది. 755 చేసి (మార్చే హక్కు ఓనర్‌కి మాత్రమే), ఓనర్ రూట్, అంటే సిస్టం అడ్మిన్, అని చూసుకుని మళ్లీ పంపితే ప్రింటర్ మూలిగి, ఓ నిమిషం ఆలోచించి, కాగితం బయటికి తోసింది.

అసలు ప్రింటర్లకీ మనకీ ఈ పగ పాతదే. 1980 ప్రాంతంలో ఎంఐటీలో లేజర్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ ఇవ్వలేదనే కోపం కూడా రిచర్డ్ స్టాల్‌మన్‌ని గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వైపు నెట్టింది. ఇన్నేళ్లయినా ఆ సోర్స్ కోసం మనం ఇంకా అడుక్కుంటూనే ఉన్నాం. ఈమధ్య వచ్చే ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే లినక్స్‌లో పనిచేస్తున్నాయంటే, అది మన మీద ప్రేమ అనుకోకండి. ఫోన్‌లో డ్రైవర్ ఎవరూ వేసుకోరు, 2010లో ఐఫోన్ నుంచి డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే యాపిల్ ఎయిర్‌ప్రింట్ వచ్చాక కంపెనీలకి దారి మార్చుకోక తప్పలేదు, మనం ఆ బండి వెనక వేలాడుతూ వచ్చేశాం.

మీ విషయానికొస్తే, యూఎస్‌బీకి తగిలించినవన్నీ చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో ప్రింటర్ కనబడుతోందో లేదో చూడండి. కనబడితే సగం పని అయినట్టే. తర్వాత లినక్స్‌లో నడిచే ప్రింటర్లని నమోదు చేసే ఓపెన్‌ప్రింటింగ్ సైట్ జాబితాలో మీ మోడల్ వెతకండి, లేకపోతే అదే సిరీస్‌లో పక్క మోడల్ పీపీడీ (ప్రింటర్ వివరాలు ఉండే ఫైల్) పెట్టి చూడండి, చాలాసార్లు నడిచిపోతుంది. మీది ఏఆర్‌ఎం ప్రాసెసర్ ఉండే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై అయితే మాత్రం నా 32 బిట్ చిట్కా పనికిరాదు, ఆ డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం కట్టింది. ఏదీ కుదరకపోతే ఎర్రర్ లాగ్‌లో చివరి ఇరవై ముప్పై లైన్లు ఇక్కడ పెట్టండి, చూద్దాం. 777 మాత్రం కొట్టకండి.